400 బంగారు నాణేలకు (జీపీ) అమ్మిన గంట కథనే ముగించేసింది. మ్యాజిక్ ఐటమ్‌కి ధర ఎలా కట్టాలి?

నాలుకలేనిగంట అనే పేరుతో అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. కూకట్‌పల్లిలో మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్ర పోషిస్తూ, పాచికలు వేస్తూ కలిసి కథ నడిపే ఆట) ఆడుకుంటాం. డీఎం (కథ నడిపే మనిషి) నేనే, ప్లేయర్లు ఐదుగురు. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ రూల్స్. ఏడాదిన్నరగా ఒకటే క్యాంపెయిన్ (వారం వారం సాగే పెద్ద కథ), ఇప్పుడు అందరూ ఆరో లెవెల్.

కథ ఒక రేవు పట్టణంలో నడుస్తోంది. ఏ ఓడ ఎప్పుడు బయల్దేరుతుందో ఓడల యజమానుల్లోనే ఎవరో సముద్రపు దొంగలకు చేరవేస్తున్నారు. అనుమానితులు తొమ్మిది మంది. ఒక్కొక్కరికీ దాచుకునే విషయం ఒకటి, చెప్పే అబద్ధం ఒకటి రాసుకున్నాను. రోజూ ఆఫీసు బస్సులో ఫోన్‌లో టైప్ చేసుకుంటూ పోతే రెండు నెలలు పట్టింది.

నాలుగు వారాల కిందట మా బార్డ్ (పాటగాడి పాత్ర) ఒక తాకట్టు కొట్లోకి వెళ్లి, మాటలతో పని జరిగే చోట అక్కరకొచ్చే వస్తువేదైనా ఉందా అని అడిగాడు. నేను ముందుగా ఏమీ రాసిపెట్టుకోలేదు. అప్పటికప్పుడు ఒక గంటను సృష్టించాను. బొటనవేలంత ఇత్తడి గంట, లోపల నాలుక ఉండదు. పది అడుగుల లోపల ఎవరు అబద్ధం ఆడినా తనంతట తానే మోగుతుంది. పోలికకు జోన్ ఆఫ్ ట్రూత్ అనే, అబద్ధం ఆడనివ్వని స్పెల్ (మంత్రం) గుర్తొచ్చింది. అది రెండో లెవెల్ స్పెల్లే కదా, వస్తువు ఎంత అరుదో చెప్పే స్థాయిల్లో అన్‌కామన్ చాలనుకున్నాను. పుస్తకంలో అన్‌కామన్‌కి 101 నుంచి 500 జీపీ అని ఉంది. 400 చెప్పాను. అతను బేరం కూడా ఆడకుండా ఇచ్చేశాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

తర్వాతి వారం గంటను టోపీ లోపల కుట్టుకుని యజమానుల విందుకు వెళ్లాడు. తొమ్మిది మంది దగ్గరికీ వరసగా వెళ్లి ఒకటే ప్రశ్న అడిగాడు: "దొంగలకు కబురు పంపేది మీరేనా?" ఏడో మనిషి "కాదు" అనగానే గంట మోగింది. మొత్తం నలభై నిమిషాలు. నేను ఆరు సెషన్లు నడుస్తుందనుకున్న కథ అక్కడితో అయిపోయింది.

అయినా నన్ను బాధపెట్టింది అది కాదు. మా రోగ్‌ని (దొంగ పాత్రని) ఆడే అమ్మాయి మూడు సెషన్లుగా దొంగిలించిన ఉత్తరాలు పోగేసి, ఎవరి చేతిరాత ఎలా ఉందో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటోంది. "తు" రాసేటప్పుడు కొమ్ము ఎటు వంచుతారో కూడా గుర్తుపెట్టుకుంది. గంట మోగగానే ఏమీ అనలేదు. నోట్‌బుక్ మూసి బ్యాగులో పెట్టేసుకుంది, అంతే.

ఇప్పుడు అందరి దగ్గరా డబ్బుంది, అందరూ కొట్టుకి వెళ్దామంటున్నారు. ధర కట్టడానికి నమ్మదగ్గ లెక్క ఏదైనా ఉందా? ఇచ్చిన గంటను వెనక్కి తీసుకోవచ్చా? ఆదివారం దగ్గరపడే కొద్దీ టెన్షన్‌గా ఉంటోంది.

మూడోపాచిక

2014 పుస్తకంలో ధరలు మరీ వదులుగా ఉంటాయి. రేర్ అంటే 501 నుంచి 5,000 అని రాస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారు? 2024 డీఎం గైడ్‌లో ఒక్కో స్థాయికి ఒక్కటే అంకె ఇచ్చారు: కామన్ 100, అన్‌కామన్ 400, రేర్ 4,000, వెరీ రేర్ 40,000, లెజెండరీ 2,00,000. పోషన్‌లాగా (తాగే మంత్రపు మందు) ఒకసారి వాడితే అయిపోయేవాటికి సగం. నేను అవే వాడుతున్నాను, ఇంతవరకు గొడవ రాలేదు. మీ గంటను రేర్ చేసి 4,000 పెట్టి ఉంటే సరిపోయేది.

పాతలాంతరు

4,000 పెట్టి ఉంటే ఏమయ్యేది? ఐదుగురూ తలా కొంత వేసుకుని ఇంకో నెలకి కొనేవాళ్లు. అదే విందు, అదే ఏడో మనిషి. ధర పెంచినంత మాత్రాన ఆ గంట చేసే పని మారదు. మీకు ముందు సరిచేయాల్సింది గంట, తర్వాతే ధర. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్న విషయం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

నేను ఆడటం మొదలుపెట్టింది 2006లో, వరంగల్‌లో హాస్టల్ గదిలో. అప్పటి రూల్స్ మూడున్నర ఎడిషన్. మా సీనియర్ ఒకాయనకు వాళ్లన్నయ్య అమెరికా నుంచి పుస్తకాలు తెచ్చాడు. ఆ ఎడిషన్‌లో మీరడిగిన లెక్క నిజంగానే ఉండేది. కత్తికి ప్లస్ (పాచిక మీద అదనంగా కలిసే అంకె) ఎంతో దాన్ని అంతతోనే గుణించి 2,000తో హెచ్చవేయాలి. ప్లస్ 1 అయితే 2,000, ప్లస్ 5 అయితే 50,000. స్పెల్ ఎప్పుడూ పనిచేస్తూ ఉండే వస్తువైతే స్పెల్ లెవెల్, వేసేవాడి లెవెల్, 2,000, మూడూ గుణించాలి. స్పెల్ నిమిషాలు మాత్రమే నిలిచేదైతే దానికి రెండింతలు, రౌండ్లు మాత్రమే నిలిచేదైతే నాలుగింతలు. నాకు లెక్కలంటే ఇష్టం, ఆ పట్టిక కాగితం చిరిగేదాకా వాడాను.

మీ గంటను ఆ పట్టికలో పెట్టి చూద్దాం. జోన్ ఆఫ్ ట్రూత్ ప్రకారం కడితే రెండో లెవెల్ స్పెల్, మూడో లెవెల్ క్లెరిక్ (పూజారి పాత్ర), 12,000. నిమిషాల లెక్క కాబట్టి 24,000. అదే గంటను డిసర్న్ లైస్ ప్రకారం కట్టండి. అబద్ధాన్ని పసిగట్టే స్పెల్ అసలు అదే. క్లెరిక్‌కి నాలుగో లెవెల్ స్పెల్, వేసేవాడు ఏడో లెవెల్, 56,000. రౌండ్ల లెక్క కాబట్టి 2,24,000. ఒకే గంట, ఒకే పట్టిక, ఏ స్పెల్‌తో పోల్చామన్న దాన్నిబట్టి రెండు లక్షల తేడా. ఆ రోజుల్లో ప్రతి టేబుల్ దగ్గరా ఎవరో ఒకరు ట్రూ స్ట్రైక్ ఉంగరం చేయించమని వచ్చేవారు. మొదటి లెవెల్ స్పెల్, మొదటి లెవెల్ మంత్రగాడు, గుణిస్తే 2,000. కొట్టే ప్రతి దెబ్బకీ ప్లస్ 20. అదే 2,000కి కత్తి కొంటే వచ్చేది ప్లస్ 1! ఫార్ములాలతో మొదలుపెట్టండి, అక్కడితో ఆగకండి అని ఆ పుస్తకమే చెప్పింది. మేం ఆ పేరా వదిలేసి పట్టిక ఒక్కటే చదివేవాళ్లం.

సరే, ఫార్ములా వద్దని ఐదో ఎడిషన్‌కి వచ్చాక నేను స్థాయిని నమ్మాను. మూడో లెవెల్ పార్టీకి బ్రూమ్ ఆఫ్ ఫ్లయింగ్ (ఎగిరే చీపురు) 500కి అమ్మాను. పుస్తకంలో అన్‌కామన్ అనే ఉంది మరి. తర్వాతి సెషన్ కోసం ఒక లోయ, తెగిపోబోతున్న తాళ్ల వంతెన, వంతెన కింద గూడు కట్టుకున్న హార్పీలు (రెక్కల రాక్షసులు), అన్నీ సిద్ధం చేసుకున్నాను. వాళ్లు వంతెన మీద కాలే పెట్టలేదు. చీపురు 400 పౌండ్లు మోస్తుంది. అర మైలు పైకి వెళ్లి, ఒక్కొక్కరినీ వడ్ల బస్తాల్లా అవతలి గట్టుకి దింపుకున్నారు. ఆ రాత్రి పుస్తకం ముందేసుకుని కూర్చుంటే అర్థమైంది. వింగ్స్ ఆఫ్ ఫ్లయింగ్ (ఎగిరే రెక్కలు) రేర్, అట్యూన్‌మెంట్ (వాడే ముందు వస్తువుతో పాత్ర కుదుర్చుకునే బంధం) కావాలి, ఒక గంట ఎగిరితే మళ్లీ డీ12 (పన్నెండు ముఖాల పాచిక) వేసి అన్ని గంటలు ఆగాలి. పోషన్ ఆఫ్ ఫ్లయింగ్ ఒక్క గంటకే, ఒక్కసారి తాగితే అయిపోయింది, అది వెరీ రేర్. చీపురుకి అట్యూన్‌మెంటూ అక్కర్లేదు, గంటల లెక్కా లేదు, అది మాత్రం అన్‌కామన్. అంటే స్థాయి చూసి ధర కట్టినా మోసపోతాం.

అప్పటి నుంచి ఏ వస్తువు రాసినా నన్ను నేను అడుగుకునేది ఒక్కటే: ఇది నా టేబుల్ మీద నుంచి ఏ కష్టాన్ని తీసేస్తుంది? ప్లస్ 1 కత్తి ఏ కష్టాన్నీ తీసేయదు. డీ20 మీద నూటికి ఐదు అవకాశం పెంచుతుంది, పోరాటం పోరాటంగానే ఉంటుంది. చీపురు ఎత్తు, లోతు, నది, గోడ అన్నిటినీ ఒకేసారి తుడిచేస్తుంది. మీ గంట అబద్ధాన్ని తుడిచేసింది. మీ కథలో ఉన్నదల్లా అబద్ధాలే. మీ కథే గనక ఒక డ్రాగన్ గుహలో జరిగి ఉంటే ఆ గంటను 50 జీపీకి ఇచ్చినా ఎవరికీ పట్టేది కాదు.

తుడిచేసే వస్తువు ఇవ్వకూడదని కాదు. అలాంటివే ప్లేయర్లకు ఏళ్ల తరబడి గుర్తుంటాయి. కానీ దాన్ని వాడిన ప్రతిసారీ ఏదో ఒకటి ఖర్చవ్వాలి, ఆ ఖర్చు బంగారం ఒక్కటే కాకూడదు. జోన్ ఆఫ్ ట్రూత్‌నే చూడండి. ఒక స్లాట్ (రోజుకు ఇన్నే అని ఉండే స్పెల్ వంతు) పోతుంది. ఎదుటివాడికి సేవ్ (పాచిక వేసి తప్పించుకునే అవకాశం) ఉంది. తన మీద స్పెల్ పడిందని అతనికి తెలుస్తుంది, నోరు మూసుకోవచ్చు, మాట దాటేయవచ్చు. పది నిమిషాలే. ఈ నాలుగింటిలో ఒక్కటైనా మీ గంటలో ఉందా? పోలిక పెట్టుకున్నది రెండో లెవెల్ స్పెల్‌తో, ఇచ్చింది దాని పగ్గాలన్నీ విప్పేసి.

నేనైతే ఆ గంటకు అట్యూన్‌మెంట్ పెడతాను. ఐదో ఎడిషన్‌లో మనిషికి మూడే అట్యూన్‌మెంట్లు కాబట్టి, అసలు ఖరీదు అక్కడ పడుతుంది. తెల్లవారి నుంచి తెల్లవారే వరకు ఒక్కసారే మోగాలి. గంటను చేతిలో పట్టుకుని, ఎదుటివాడికి కనబడేలా, ఒక్క ప్రశ్న అడగాలి. మౌనంగా ఉంటే మోగదు. తను నమ్మిందే చెబితే, అది తప్పయినా సరే, మోగదు. ఇప్పుడు తొమ్మిది మందిని అడగాలంటే తొమ్మిది రోజులు. రెండో రోజుకల్లా ఊరంతా తెలుస్తుంది. మూడో రోజు నుంచి గంట కనబడితే ఎవరూ నోరు విప్పరు. అక్కడ మీకు ఇంకో కథ పుడుతుంది.

ఇక ధర. పాత పట్టికలో మాట పలికితే రోజుకు ఒకసారి పనిచేసే వస్తువుకి వేరే లెక్క ఉంది: స్పెల్ లెవెల్, వేసేవాడి లెవెల్, 1,800 గుణించి ఐదుతో భాగించాలి. రెండు, మూడు, 1,800, భాగిస్తే 2,160. ఐదో ఎడిషన్‌లో రేర్ పరిధిలోనే పడింది. 2,000 అనండి.

ఏ ధర రాసినా ఒకసారి కూలితో కొలిచి చూసుకోండి. ఐదో ఎడిషన్‌లో మామూలు పనివాడి కూలి రోజుకు 2 వెండి నాణేలు. పది వెండి ఒక జీపీ. మీరు గంటను అమ్మిన 400 జీపీ ఒక కూలివాడికి 2,000 రోజుల సంపాదన, అయిదున్నరేళ్లు. అలాంటి వస్తువు రేవులో తాకట్టు కొట్టుకి ఎలా వచ్చింది? పెట్టినవాడు ఎందుకు విడిపించుకోలేదు? అబద్ధాలు చెప్పే తొమ్మిది మంది షావుకార్లున్న ఊళ్లో అది అన్నాళ్లు అమ్ముడుపోకుండా ఎలా ఉంది? ధర రాయగానే ఈ ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి.

వెనక్కి తీసుకోవడం గురించి: కథలో దొంగని పంపి కాజేయించకండి. ప్లేయర్లకు అది వెంటనే తెలిసిపోతుంది, ఇంకెప్పుడూ ఏ వస్తువునీ మనసారా తీసుకోరు. ఆదివారం ఆట మొదలుకాకముందే, పాచికలు బయటికి తీయకముందే, "ఈ గంటను నేను తప్పుగా రాశాను, కలిసి మారుద్దాం" అని చెప్పండి. ఒప్పుకుంటారు.

ఎర్రనేల

పాతలాంతరు గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. వస్తువు ధర అది ఎవరి చేతిలో ఉందన్న దాన్నిబట్టి కూడా మారుతుంది. మాది అనంతపురం జిల్లా. మా నాన్న వేయించిన మూడు బోర్లలో రెండు ఎండిపోయాయి. మా గ్రూపులో డీఎం ఒకసారి నిధిలో డికాంటర్ ఆఫ్ ఎండ్‌లెస్ వాటర్ (నీళ్లు ఎన్నటికీ తరగని సీసా) పెట్టాడు. అన్‌కామన్, మహా అయితే 500. మిగతావాళ్లకి అది తాగునీటి సీసా, గోబ్లిన్ల మీద నీళ్లు చిమ్మే ఆట వస్తువు. నేను ఆ రాత్రి లెక్క వేశాను.

గీజర్ అనే మాట పలికితే ఒక రౌండ్‌కి 30 గ్యాలన్లు వస్తాయి, అంటే ఇంచుమించు 113 లీటర్లు. రౌండ్ ఆరు సెకన్లు. నిమిషానికి 1,130 లీటర్ల పైన. మన ఊళ్లలో తిరిగే 5,000 లీటర్ల ట్యాంకర్ నాలుగున్నర నిమిషాల్లో నిండుతుంది. ఒక ఎకరా మీద అంగుళం నీళ్లు నిలబెట్టాలంటే లక్ష లీటర్ల పైచిలుకు కావాలి, గంటన్నరలో అయిపోతుంది. ఐదో ఎడిషన్‌లో ప్రతి రౌండ్‌కీ మళ్లీ మాట పలకాలి కాబట్టి ఇద్దరు మనుషులు వంతులవారీగా కూర్చోవాలి. ఇద్దరి కూలి, 4 వెండి. కరెంటు కోసం అర్ధరాత్రి లేచి మోటారు వేసే పని లేదు.

మేం అప్పుడు ఎండిన పల్లె ఒకటి దాటుతున్నాం. మా ఫైటర్ (యోధుడి పాత్ర) దాన్ని పట్నంలో 250కి అమ్మేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ పల్లెలో ఇచ్చేశాం. పల్లెవాళ్ల దగ్గర 50 జీపీ కూడా లేదు. వాళ్లు ఊరి ఉమ్మడి భూమిలో నాలుగో వంతు మా పేర రాశారు. రెండు సెషన్ల తర్వాత ఆ నీళ్ల కోసం పక్క జమీందారు మనుషుల్ని పంపాడు, మేం ప్రయాణం మానుకుని వెనక్కి పరుగెత్తాం. మూడున్నర ఎడిషన్‌లో దాని ధర 9,000 అని తర్వాత చూశాను. అది కూడా సాహసికులు కొనే ధరే. ఆ పల్లెకి అది ఎంత విలువో ఏ పట్టికలోనూ ఉండదు.

అందుకని కొట్లో వస్తువు పెట్టేటప్పుడు ధర పక్కన ఇంకో మాట కూడా రాసుకోండి: ఇది అందరికంటే ఎక్కువగా ఎవరికి కావాలి? మీ గంట మీ బార్డ్‌కంటే రేవు సుంకం అధికారికి ఎక్కువ కావాలి. ఓడలో ఏముందని అడగడమే ఆయన పని కదా. బార్డ్ దగ్గర ఆ గంట ఉందని ఆయనకు తెలిస్తే ఏం చేస్తాడు?

మూడోపాచిక

పోషన్ ఆఫ్ ఫ్లయింగ్ వెరీ రేర్ అన్న సంగతి నేను గమనించనే లేదు. నా కొట్టు పట్టిక మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి.

నాలుకలేనిగంట

ఆదివారం అయింది. జరిగింది రాస్తున్నాను.

పాచికలు తీయకముందే చెప్పాను. బార్డ్‌ని ఆడే అతను అయిదు నిమిషాలు ముభావంగా కూర్చున్నాడు. తన డబ్బు పెట్టి కొన్నాడు, తెలివిగా వాడాడు, తప్పు నాది. ఆ మాట అతనితో అందరి ముందూ అన్నాను. మీ షరతులన్నీ చదివి వినిపించాను. రోజుకు ఒకసారి, చేతిలో కనబడేలా, అట్యూన్‌మెంట్, మౌనానికి మోగదు. సరేనన్నాడు. ధర 2,000 అని చెప్పి, కట్టిన 400 పోను మిగతాది కొట్టువాడికి బాకీ అన్నాను. తాకట్టు పెట్టినవాడు తిరిగొచ్చాడు, వస్తువు విలువ ఇప్పుడు తెలిసింది. బాకీకి బార్డ్ తన వీణ మీద ప్రమాణం చేశాడు. అది అతనే కల్పించాడు, నేను అడగలేదు.

అప్పుడు రోగ్‌ని ఆడే అమ్మాయి చెయ్యి పైకెత్తింది. "గంటకు నాలుక లేదన్నారు కదా. నాలుక మేమే ఇవ్వాలని పెడితే?" అంది. ఆమె చెప్పిన రూలు ఇది: అడిగే విషయానికి సంబంధించిన వస్తువేదైనా, ఉత్తరం ముక్కో, ఉంగరమో, తాళంచెవో, దారంతో గంట లోపల వేలాడదీయాలి. అది లేకుండా ఎంత పెద్ద అబద్ధానికైనా గంట మోగదు. తప్పు వస్తువు కడితే ఆ రోజు వంతు వృథా.

నేను రాసుకొచ్చిన షరతులకంటే ఇదే నాకు నచ్చింది. సాక్ష్యం వెతికేవాళ్లు లేకపోతే గంట ఉట్టి ఇత్తడి ముక్క. అక్కడే కార్డు మీద కొట్టేసి తిరగరాశాం. ఎదుటివాడికి కనబడాలన్న షరతు ఉంచాం, అట్యూన్‌మెంట్ ఉంచాం. వస్తువు దొరకడమే పెద్ద ఖర్చు కాబట్టి ధర 1,500కి తగ్గించాను. ఐదో ఎడిషన్‌లో ప్లేట్ ఆర్మర్ ధర కూడా అంతే. మా ఫైటర్ ఆ కవచం కోసం ఎన్నాళ్లు కూడబెట్టాడో అందరికీ గుర్తుంది కాబట్టి ఎవరూ మాట్లాడలేదు.

ఏడో మనిషి ఎలాగూ దొరికిపోయాడు, దాన్ని చెరపలేదు. కానీ ఓడల వేళలు అతనికి చెప్పింది ఎవరు? ఎర్రనేల గారి సుంకం అధికారిని అక్కడ పెట్టాను. ఆయన రాసిన ఒక రసీదు మా రోగ్ నోట్‌బుక్‌లో మూడో పేజీలో అప్పటికే అతికించి ఉంది. నేను ఎప్పుడో ఊరికే ఇచ్చిన కాగితం అది. ఆమె బ్యాగులోంచి నోట్‌బుక్ తీసి, ఆ పేజీ దగ్గర ఆగి, రసీదు అంచు పట్టుకుని మెల్లగా ఊడదీసి బార్డ్ చేతికిచ్చింది. సెషన్ అక్కడ ఆపాం. దారం ఎవరు తేవాలన్నది వాట్సాప్‌లో ఇంకా తేలలేదు.